ఐదు లక్షల ఇంటికి చేతిలో ఎంత ఉండాలి

మా ఊళ్ళో ఇప్పుడు ఎవరు ఎదురైనా మంచీచెడ్డా అడగడం మానేశారు, "బిల్లు పడ్డదా?" అనే అడుగుతున్నారు. నల్లగొండ జిల్లా, నకిరేకల్ అవతల మాది, పెద్ద ఊరేం కాదు. బస్సు దిగి లోపలికి నడిస్తే ఏ గల్లీలో చూసినా కంకర కుప్ప, ఇసుక కుప్ప, ఆ ఇసుకలో దొర్లుతున్న పిల్లలు, వాళ్ళను అదిలిస్తున్న ఒక ముసలమ్మ. సొంత జాగలో ఇల్లు కట్టుకునే బీదవాళ్ళకు రాష్ట్ర సర్కారు ఐదు లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్ళ పని నడుస్తోంది. విడతలుగా పడే ఆ డబ్బునే మేం బిల్లు అంటాం. మా అమ్మ పేరు మీద కూడా ఒకటి వచ్చింది. కట్టాం, పాలు పొంగించాం, లోపలికి చేరాం, బయట గిలాబు, అంటే గోడలకు ప్లాస్టరింగ్, మాత్రం ఇంకా చేయించలేదు.

కొత్తగా మంజూరైన వాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఐదు లక్షలు ఇస్తరట గదా, మనం ఎంత వేసుకోవాలె?" నేనూ మొదట్లో అదే లెక్క వేసుకుని దెబ్బ తిన్నాను. మొత్తం మీద ఎంత వేసుకోవాలన్నది తర్వాత సంగతి. ఏ రోజుకు ఎంత చేతిలో ఉండాలన్నదే అసలు లెక్క, దాన్ని ఎవరూ చెప్పరు.

ఐదు లక్షలు ఒకేసారి ఇవ్వరు, ఆ ముచ్చట అందరికీ తెలుసు. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు రూఫ్ లెవెల్‌కు వస్తే లక్షా పాతిక, స్లాబ్ పడితే లక్షా డెబ్బై అయిదు, మొత్తం పూర్తయితే చివరి లక్ష. ఇక్కడ "అయితే" అనే మాటను గట్టిగా పట్టుకోండి. బేస్‌మెంట్ వేసుకోవడానికి లక్ష కాదు, వేసుకున్నాక లక్ష. అంటే ప్రతి మెట్టూ ముందు మనం ఎక్కాలి, ఎక్కి ఫోటో దిగాలి, ఆ తర్వాత వాళ్ళు డబ్బులు వేస్తారు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. బేస్‌మెంట్ అయినరోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. పంచాయతీ కార్యదర్శి సారు ఫోన్ పట్టుకుని వచ్చాడు, యాప్‌లో ఆ జాగ లొకేషన్ పడాలి, అమ్మ కూడా ఫోటోలో ఉండాలి. అమ్మ అప్పటిదాకా బేస్‌మెంట్‌కు నీళ్ళు కొడుతోంది, చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి. "ఆగు సారు, మొగం కడుక్కొని వస్త" అని లోపలికి పోయి, బొట్టు పెట్టుకుని, ట్రంకు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చేసరికి నెట్‌వర్క్ పోయింది. సారు ఫోన్ పైకెత్తి వేపచెట్టు దాకా నడిచాడు, మళ్ళీ వచ్చాడు. అమ్మ ఆ బేస్‌మెంట్ మీద, సరిగ్గా దర్వాజ రావాల్సిన చోట, చేతులు కిందికి వేలాడేసి స్కూలు పిల్లలా నిలబడే ఉంది. నాలుగోసారికి ఫోటో ఎక్కింది. ఆ తర్వాత ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, చూసి, పైవాళ్ళు ఓకే చేసి, డబ్బులు అమ్మ ఖాతాలో పడేసరికి అయిదు వారాలు. సోమవారం సోమవారం బిల్లులు వేస్తున్నారన్న మాట అబద్ధం కాదు, వేస్తున్నారు. కానీ మన బిల్లు ఏ సోమవారానిదో తెలియక ప్రతి సోమవారమూ టెన్షనే. అమ్మకు మెసేజ్ చదవడం రాదు, ఫోన్ టింగుమంటే చాలు పక్కింటి పిల్లను పిలిచేది. సగం సార్లు అది రీచార్జ్ మెసేజే.

ఇక మా లెక్క. ఇల్లు 450 చదరపు అడుగులు. స్కీములో 400కు తగ్గకూడదు, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆపుతారు, అందుకని ముగ్గు పోసేటప్పుడే టేపు పట్టుకుని నేనే కొలిచాను. ఒక అర్ర, హాలు, వంట జాగ, బాత్రూమ్. బేస్‌మెంట్‌కు 1,70,000 అయింది, మాది కొంచెం పల్లం కాబట్టి మొరం ఎక్కువ పోయించాల్సి వచ్చింది. గోడలకు 1,60,000. స్లాబ్‌కు స్టీలు, సెంట్రింగ్, కాంక్రీటు కలిపే మిల్లరు, కూలీ అన్నీ కలిపి 2,60,000. గిలాబు లోపల వరకే, తలుపులు, బండలు, కరెంటు, నల్లా పనికి 2,50,000. అన్నీ కూడితే 8,40,000. ప్రభుత్వం ఇచ్చే 5,00,000 తీసేస్తే మన చేతి నుంచి 3,40,000. నేను కాగితం మీద రాసుకున్నది ఇంతే, ఇంతకే సిద్ధపడ్డాను.

కానీ పని జరిగే క్రమం పట్టుకుని చూడండి. స్లాబ్ పోసిన రోజు సాయంత్రానికి మా ఖర్చు 5,90,000, అప్పటికి వచ్చింది మొదటి రెండు బిల్లులు, 2,25,000. అంటే ఆ రోజుకే మూడు లక్షల అరవై అయిదు వేలు మా నెత్తి మీద. అన్నీ పూర్తయి చివరి లక్ష కోసం ఎదురుచూస్తున్న రోజున ఖర్చు 8,40,000, వచ్చింది 4,00,000. అంటే మూడు లక్షల నలభై వేల తేడా అనుకున్న ఇంటికి ఒక దశలో 4,40,000 పుట్టించాల్సి వచ్చింది. ఆ పైన ఉన్న లక్ష నెలా నెలన్నరకే కావచ్చు, కానీ నెలన్నరకు ఊళ్ళో లక్ష ఎవరిస్తారు? ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతికి వస్తా.

ఆ నాలుగు లక్షల నలభై ఎక్కడిదంటే, అమ్మ మహిళా సంఘంలో లక్ష లోన్, బంగారం కుదువ పెట్టి 90,000, నేను దాచుకున్నది లక్ష, మిగిలిన లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి. రెండు రూపాయలంటే మన దగ్గర చిన్నమాటలా వినిపిస్తుంది, "అయినోళ్ళు గనక రెండు రూపాయలకే ఇచ్చిండు" అని చెప్పుకుంటాం కూడా. సంవత్సరానికి 24 శాతం. లక్షన్నరకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000. అదే లక్షన్నర బ్యాంకులో ఎనిమిదిన్నర శాతానికి దొరికితే ఏడాది వడ్డీ 12,750.

మరి బ్యాంకుకు పోలేదా అంటే, పోయాను. పోవడమేమిటి, మూడుసార్లు తిరిగాను. ఏ బ్యాంకో చెప్పను, ఎందుకంటే ఏ బ్యాంకుకు పోయినా అదే జవాబు వచ్చేదని నాకు తర్వాత తెలిసింది. మా జాగ గ్రామకంఠంలోది, అంటే ఊరి నడుమ పాత ఇళ్ళ జాగ. తాత కట్టుకున్న గూనపెంకుల ఇల్లు కూలిపోయాక నాన్న అక్కడే రేకులు వేశాడు. ఇంటి నంబరు ఉంది, ఇంటిపన్ను రసీదులు ఉన్నాయి, కరెంటు బిల్లు ఉంది. రిజిస్ట్రేషన్ కాగితం లేదు. ఉండదు కూడా, ఊరి నడుమ ఇళ్ళకు చాలావాటికి లేదు, తాతలనాటి నుంచి ఉంటున్నామన్నదే కాగితం. ఫీల్డ్ ఆఫీసర్ చిన్న వయసు పిల్లవాడు, మర్యాదగానే మాట్లాడాడు, "అన్నా, రేపు మీరు కట్టకపోతే మేము దేన్ని పట్టుకోవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా జీతం మీద పర్సనల్ లోన్ ఇస్తామన్నారు, దాని వడ్డీ విని దండం పెట్టి వచ్చాను.

ఇక్కడే నాకు మంట. పల్లెటూరి ఇంటికి అప్పు ఇప్పించాలన్న ఆలోచన సర్కారుకు లేదని కాదు, రాసే ఉంది. కేంద్రం 2016లో ఇందిరా ఆవాస్ యోజనను మార్చి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ అని పెట్టినప్పుడు మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1,20,000, దానికి తోడు కావాలన్న లబ్ధిదారుకు 70,000 దాకా బ్యాంకు అప్పు ఇప్పించాలని పెట్టారు. 2017లో ఆ స్కీములోకి రాని పల్లె కుటుంబాల కోసం రెండు లక్షల దాకా అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ అని ఇంకోటి తెచ్చారు. ఈ రెండో దాని పేరు నేను బ్యాంకులో ఎత్తితే ఆ అబ్బాయి నా ముఖం చూశాడు, పక్క టేబుల్ ఆవిడను అడిగాడు, ఆమె ఇంకొకరిని అడిగింది. కాగితం మీద ఉన్న స్కీముకూ మన బ్రాంచి కౌంటరుకూ మధ్య ఎంత దూరమో ఆ రోజు చూశాను.

పోనీ, టౌనుకు వస్తే? నల్లగొండ పట్టణంలో ఇల్లు కొనుక్కునే వాళ్ళకు కేంద్రం వడ్డీ రాయితీ ఉంది. 2024 సెప్టెంబరు నుంచి కొత్తగా మొదలైన దాంట్లో ఏడాది ఆదాయం 9 లక్షల లోపు ఉన్న కుటుంబం 25 లక్షల లోపు హోంలోన్ తీసుకుంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తం 1,80,000 దాకా అయిదు విడతలుగా లోన్ ఖాతాలో పడుతుంది. మంచిదే, నాకు కుళ్ళేం లేదు. కానీ చూడండి, పట్నంలో ఉన్నవాడికి బ్యాంకు ముందే అప్పు ఇస్తుంది, ఇచ్చిన అప్పు వడ్డీలో సర్కారు సాయం చేస్తుంది. మా ఊళ్ళో బీదామెకు సర్కారు ఉచితంగానే ఇస్తుంది, కానీ పని అయ్యాక ఇస్తుంది, అయ్యేదాకా రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకొమ్మంటుంది. ఎక్కువ సాయం ఎవరికి అంటే మా అమ్మకే, ఒప్పుకుంటా. ఎక్కువ వడ్డీ కట్టింది కూడా మా అమ్మే.

ఈ గోలంతా మా బావమరిదితో ఫోన్‌లో చెప్పుకుంటుంటే నవ్వాడు. వాడు అమెరికాలో, టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. అక్కడా పల్లె ఇళ్ళకు సర్కారు లోన్లు ఉన్నాయట, అదీ వాళ్ళ వ్యవసాయ శాఖ కింద. 1949 నాటి చట్టం ప్రకారం నడుస్తున్న పద్ధతి. డబ్బులు బ్యాంకే ఇస్తుంది, సర్కారు బ్యాంకుకు 90 శాతం వరకు పూచీ పడుతుంది, అందుకని కొనేవాడు ముందు ఒక్క డాలరు కూడా డౌన్ పేమెంట్ కట్టక్కర్లేదు. పూచీ! బ్యాంకు పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు అదే కదా. "మీరు కట్టకపోతే మేం దేన్ని పట్టుకోవాలి" అంటే, అక్కడ సర్కారును పట్టుకుంటారు.

మరీ మురిసిపోకు అన్నాడు వాడే. ఆ పూచీకి కూడా ఏడాదికి ఇంత అని వాళ్ళ పార్లమెంటు హద్దు పెడుతుంది, అది అయిపోతే అక్టోబరు 1న కొత్త బడ్జెట్ ఏడు మొదలయ్యేదాకా ఆగాలి. 2025లో అయితే ఆ అక్టోబరు 1 నాడే బడ్జెట్ పాస్ కాక సర్కారు ఆఫీసులకు తాళాలు పడ్డాయి, నవంబరు 12 దాకా. కొత్త పూచీలన్నీ ఆగిపోయాయి. వాడు ఇల్లు చూసుకుని, సంతకాలకు రెడీ అయి, సామాను సర్దిన డబ్బాల మధ్య నెలన్నర కూర్చున్నాడు. సరిగ్గా అవే రోజుల్లో మేం ఇక్కడ రెండో బిల్లు కోసం కూర్చున్నాం. మొంథా తుపాను వానకు మా ఇటుకల మీద కప్పిన కవరు ఎగిరిపోతే నేను రాత్రి పదింటికి దాన్ని పట్టుకుని నిలబడ్డాను, వాడు వీడియో కాల్ చేసి "బావా, నీది పడ్డదా" అన్నాడు. "లేదురా, నీది?" "లేదు."

డబ్బుకు హద్దు ఎక్కడైనా ఉంటుంది, దాన్ని నేను తప్పు పట్టను. మన దగ్గర మొదటి విడతలో నాలుగున్నర లక్షల ఇళ్ళు అన్నారు, ఇంటికి అయిదు లక్షల చొప్పున 22,500 కోట్లు. నియోజకవర్గానికి 3,500, మొత్తం 119 నియోజకవర్గాలు, అంటే 4,16,500, మిగిలింది రిజర్వు కోటా. నియోజకవర్గంలో ఊళ్ళు, తండాలు, ఆవాసాలు అన్నిటికీ ఆ 3,500 పంచితే ఒక్కో ఊరికి ఎన్ని వస్తాయో మీరే వేసుకోండి. 2023 డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు మా ఊరి స్కూలు దగ్గర లైను గేటు బయటి దాకా ఉంది. తర్వాత సర్వే, దరఖాస్తులను ఎల్1, ఎల్2, ఎల్3 అని మూడు లిస్టులుగా విడదీయడం. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్ళు ఎల్1, జాగ కూడా లేనివాళ్ళు ఎల్2. మొదట ఎల్1కే. అంటే జాగ ఉన్నవాడి కన్నా జాగ లేనివాడు వెనక. మా వాడకట్టులో అన్న రేకుల కొట్టంలో భార్యాపిల్లలతో కాపురముంటున్న తమ్ముడు ఒకడున్నాడు, వాడు ఎల్2. గ్రామసభ రోజు లిస్టు చదువుతుంటే చివరిదాకా నిలబడి విని, లేచి పొలం పోయాడు. గట్టిగా అడిగినవాళ్ళూ, అరిచినవాళ్ళూ ఉన్నారు, వాడు అరవలేదు. నాకు వాడే గుర్తున్నాడు.

హద్దు ఉన్నప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. ఊరికి ఇన్నని ఇళ్ళు ఒక్కసారే మొదలవుతాయి కాబట్టి మేస్త్రీలు దొరకరు. మా మేస్త్రీ అచ్చంపేట వైపు మనిషి. ఒకప్పుడు డ్యాముల పనికి దేశమంతా పోయిన పాలమూరు కూలీల బిడ్డ, ఇప్పుడు మా మండలంలోనే మూడు ఊళ్ళలో ఏడు ఇళ్ళు గుత్తకు పట్టాడు. సోమవారం ఒక ఇంటి దగ్గర కనిపిస్తే మళ్ళీ గురువారమే. గుత్త రేటు మేం మాట్లాడుకున్నప్పటికీ మా తర్వాత మొదలుపెట్టిన వాళ్ళకూ మధ్యే పెరిగింది. సిమెంటు మన జిల్లాలోనే, అటు కృష్ణ ఒడ్డున దామరచర్ల, వాడపల్లి దిక్కు ఫ్యాక్టరీల్లోనే తయారవుతుంది, అయినా బస్తా రేటు మనకేం తగ్గించి ఇవ్వరు. ఇసుక ఉచితం, అది నిజం, టోకెన్ ఇస్తారు. ట్రాక్టరు కిరాయి మనదే, ఆ కిరాయి కూడా ఇసుక రేటంత అయింది కాబట్టి ఉచితం అనే మాటను కొంచెం చూసుకుని వాడాలి.

స్లాబ్ రోజు మాత్రం పండగే. కార్తీకంలో పడింది. పొద్దున నాలుగింటికే మిల్లరు వచ్చింది, అమ్మ కొబ్బరికాయ కొట్టింది, మేనమామలు వచ్చారు, కూలీలతో పాటు అందరికీ పెద్ద డేక్సాలో బగారన్నం, కోడికూర. ఆ కోడికూర ఖర్చు నేను పైన రాసిన 2,60,000లో వేయలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక మూల సెంట్రింగ్ చెక్క కొంచెం కిందికి దిగింది, మేస్త్రీ పైనుంచి అరిచాడు, మా పెద్దనాన్న పరిగెత్తుకుంటూ పోయి కింద బాదు పెట్టాడు. ఆయనకు డెబ్బై దాటాయి. 2008లో ఆయనకు అప్పటి ఇందిరమ్మ ఇల్లు వచ్చింది, బేస్‌మెంట్ దాకా వేసి, పైకి లేపడానికి డబ్బులు పుట్టక ఆపేశాడు. ఆ బేస్‌మెంట్ ఇప్పటికీ ఉంది, దాని మీద బర్రెను కట్టేస్తారు. సాయంత్రం స్లాబ్ అయ్యాక ఆయన కింద నిలబడి పైకి చూస్తూ "పడ్డది" అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు.

వడ్డీకి తెచ్చిన లక్షన్నరలో చివరి బిల్లు పడగానే లక్ష కట్టేశాను, యాభై వేలు మిగిలింది. బంగారం ఇంకా విడిపించలేదు. బయట గిలాబు వచ్చే ఎండాకాలమే.

నిన్న రాత్రి మా చిన్నమ్మ ఫోన్ చేసింది, దేవరకొండ దగ్గర ఉంటుంది, ఒక్కతే. ఆమెకు ఇప్పుడు మంజూరైంది. నేను పైన రాసిన లెక్కంతా విడమరిచి చెప్పాను, బేస్‌మెంట్‌కు ముందు చేతిలో కనీసం లక్షన్నర ఉండాలి, లక్ష వస్తుంది కానీ తర్వాత వస్తుంది, ఇల్లు చిన్నగా వేసుకో, నాలుగు వందల అడుగులు దాటనియ్యకు, గుత్త కాగితం మీద రాయించుకో అని. అంతా విన్నది. కాసేపు మాట్లాడలేదు, వెనక ఏదో మేక అరుస్తున్నది వినిపిస్తోంది.

"ఆరు మేకలున్నయి బిడ్డా," అంది. "అమ్మితే బేస్‌మెంట్ లేస్తదా?"

"లేవదు చిన్నమ్మా, సంఘంల కూడా అడుగు."

"సంఘంల పాతదే కట్టేదుంది గదా," అంది. మళ్ళీ తనే, "సరే, ముందుగాల ముగ్గైతే పోయిస్త" అని పెట్టేసింది.